శాన్ డియేగో నుంచి నవాజో వంతెన దాకా

మొదటి రోజు: బల్బోవా పార్కు

జూ గేటు తొమ్మిదింటికి తెరుస్తారు. ఎనిమిదిన్నరకే మా మనవడు అందరినీ వరుసలో నిలబెట్టేశాడు. వాడికి పాండాలు కావాలి. మా ఆవిడకు కాస్త నీడ కావాలి. నాకు కావలసింది మాత్రం రేపు వెళ్లబోయే సఫారీ పార్కులో ఉంది. డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినన్నాళ్లూ కాలిఫోర్నియా కాండర్ అనే రాబందు గురించి చెబుతూనే వచ్చాను. ఒక్కసారీ కళ్లతో చూడలేదు. ఉద్యోగ విరమణ తర్వాత అమ్మాయి అమెరికా రమ్మన్నప్పుడు "డిస్నీల్యాండ్ కూడా దగ్గరే నాన్నా" అంది. రాబందు ఎంత దూరమని అడిగాను.

శాన్ డియేగో జూ పుట్టుక సరదాగా ఉంటుంది. 1915, 16 సంవత్సరాల్లో ఇక్కడ ఒక పెద్ద ప్రదర్శన జరిగింది. అది ముగిశాక జంతువులు కొన్ని బోనుల్లోనే మిగిలిపోయాయి. ఒకనాడు హ్యారీ వెగెఫోర్త్ అనే డాక్టరు ఆ దారిన కారులో పోతుంటే సింహం గర్జన వినిపించిందట. ఈ ఊరికీ ఒక జూ ఉంటే బాగుంటుందని అక్కడికక్కడే అనుకుని, 1916లో పని మొదలుపెట్టేశాడు. 1934లో ఊరి జనం ఓటు వేసి మరీ జూ పోషణకు తమ ఆస్తి పన్నులో కొంత ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఇది ప్రభుత్వ శాఖ కాదు, లాభాల కంపెనీ కాదు. ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతోంది. ఈ సంగతి మూడో రోజు పనికొస్తుంది.

పాండాలు 2024లో చైనా నుంచి వచ్చాయి. మగ పాండా యున్ చువాన్ తల్లి 2007లో ఈ జూలోనే పుట్టింది కాబట్టి వాడు అమ్మమ్మగారింటికి వచ్చినట్టే లెక్క. వచ్చినవాడు మాకు వీపు తిప్పి పడుకున్నాడు. అరగంట వరుసలో నిలబడి ఆ వీపును ఫోటో తీసుకున్నాం. మనవడికి మాత్రం పరమానందం.

తిరుగుతూ జంతువుల కన్నా జనాన్నే ఎక్కువ గమనించాను. మాస్టారి అలవాటు పోదు. ఆవరణ ముందున్న బోర్డు చదివేవాళ్లు తక్కువ. పేరు చూస్తారు, పిల్లలకు వేలితో చూపిస్తారు, ముందుకు సాగుతారు. అదే కీపరు చేతిలో బకెట్టుతో వచ్చి నాలుగు మాటలు మాట్లాడితే అందరూ ఆగుతారు, ప్రశ్నలు వేస్తారు. జూలు విద్యా కేంద్రాలని రాసేవాళ్లు బోర్డుల సంఖ్య లెక్కపెడతారు కానీ, నిజంగా చదువు చెప్పేది ఆ బకెట్టు పట్టుకున్న మనిషి. మన జూలలో ఆ మనిషి మాట్లాడడు, మాట్లాడమని ఎవరూ చెప్పరు.

రెండో రోజు: శాన్ పాస్క్వాల్ లోయ

ఊరికి ఉత్తరాన, ఎస్కాండిడో దగ్గర, ఎండిన కొండల మధ్య ఉంది సఫారీ పార్కు. 1972లో తెరిచారు. మొత్తం 1,800 ఎకరాలు. నగరం నడిబొడ్డున ఉన్న జూలో గుంపుగా తిరిగే జంతువులను పెంచలేమని తెలిసి, మందలు మందలుగానే ఉండేలా ఈ లోయను ఎంచుకున్నారు. ట్రామ్ ఎక్కితే జిరాఫీలు, జింకలు, ఖడ్గమృగాలు ఒకే మైదానంలో కలిసి మేస్తూ కనిపిస్తాయి. మనం కట్టకు ఇవతల పోతుంటాం.

ఈ పార్కు పేరు నేను మొదట చదివింది అరేబియన్ ఒరిక్స్ కథలో. తెల్లటి ఒళ్లు, కత్తుల్లాంటి కొమ్ములు ఉన్న ఎడారి జంతువది. 1972లో ఒమన్‌లో చివరి అడవి ఒరిక్స్‌ను వేటగాళ్లు చంపేశారు. అదృష్టవశాత్తూ అంతకు దాదాపు పదేళ్ల ముందే, 1963లో, ఫీనిక్స్ జూలో చిన్న మంద ఒకటి సిద్ధమైంది. తర్వాత శాన్ డియేగోలోనూ మంద పెరిగింది. 1982లో ఒమన్ ఎడారిలో మళ్లీ ఒరిక్స్‌ను వదిలారు. అడవిలో పూర్తిగా అంతరించిన జంతువు పేరు ప్రమాద జాబితాలో ఒక మెట్టు కాదు, కొన్ని మెట్లు దిగింది.

ట్రామ్ ఖడ్గమృగాల కేంద్రం దగ్గర నెమ్మదించింది. గైడు గొంతు కూడా మారింది. ఉత్తరాది తెల్ల ఖడ్గమృగాలు ఇప్పుడు ప్రపంచంలో రెండే మిగిలాయి. రెండూ ఆడవే, తల్లీ కూతుళ్లు. కెన్యాలో ఉన్నాయి. ఆ జాతికి చెందిన నోలా ఈ పార్కులోనే 2015 నవంబరులో చనిపోయింది. అదే నెలలో దక్షిణాఫ్రికా నుంచి ఆరు దక్షిణాది తెల్ల ఖడ్గమృగాలను ఇక్కడికి తెచ్చారు. అన్నీ ఆడవే. వాటిని అద్దె తల్లులుగా తయారుచేయాలన్నది ఆలోచన. అందులో మొదటి మెట్టు కృత్రిమ గర్భధారణ. 2019 జులైలో విక్టోరియా అనే ఆడదానికి ఆ పద్ధతిలోనే ఎడ్వర్డ్ పుట్టాడు. ఉత్తరాది జాతికి చెందిన పన్నెండు ఖడ్గమృగాల కణాలు ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టి ఈ లోయలోనే భద్రంగా ఉన్నాయి. 1972లో కర్ట్ బెనిర్ష్కె అనే శాస్త్రవేత్త మొదలుపెట్టిన ఆ భాండాగారాన్ని ఫ్రోజెన్ జూ అంటారు. 1980లో అక్కడ దాచిన కణాల నుంచి 2020లో షెవాల్‌స్కీ అనే అడవి గుర్రపు పిల్లను క్లోనింగ్‌తో పుట్టించి, ఆ శాస్త్రవేత్త పేరే పెట్టారు. హైదరాబాద్ అత్తాపూర్‌లోని లాకోన్స్ ప్రయోగశాల కూడా ఇలాంటి పనే చేస్తుందని అల్లుడికి చెప్పాను. కృత్రిమ గర్భధారణతో పొడల జింక పిల్లను పుట్టించిందనీ చెప్పాను. "ఆ రోడ్డులోనే చదువుకున్నాను మామయ్యగారూ, ఎప్పుడూ వినలేదు" అన్నాడు. అతని తప్పేమీ లేదు. దాని గురించి మనం ఎవరికీ చెప్పలేదు.

కాండర్లను ఉంచే కాండర్ రిడ్జ్ ఈ సఫారీ పార్కు చివర, కొండ మీద ఉంది. చీతాల పరుగు చూసేందుకు అందరూ కిందనే ఆగిపోతారు. మేమొక్కళ్లమే ఎండలో పైకి ఎక్కాం. పెద్ద వల పంజరంలో, రాతి మీద కూర్చుని ఉంది. నల్లటి ఈకలు, మెడ చుట్టూ కుచ్చుల కాలరు, పైన బొచ్చు లేని నారింజ గులాబీ రంగు తల. రెక్కలు చాపితే దాదాపు మూడు మీటర్లు. ఉత్తర అమెరికాలో ఎగిరే నేల పక్షుల్లో ఇంత పెద్దది మరొకటి లేదు.

"దీనికోసమా ఇంత ఎండలో నడిపించారు?" అంది మా ఆవిడ.

దీనికోసమే. 1982లో ప్రపంచం మొత్తం మీద 22 కాండర్లు మిగిలాయి. పట్టుకుని పెంచాలని కొందరు, గౌరవంగా చావనివ్వాలని కొందరు. పర్యావరణవేత్తల్లోనే ఇంత గొడవ జరిగింది. 1980లో శాస్త్రవేత్తలు గూటిలో పిల్లను తూచి కొలుస్తుండగా అది చేతుల్లోనే చనిపోవడంతో వద్దన్నవాళ్ల గొంతు ఇంకా పెరిగింది. చివరికి పట్టుకోవాలనే నిర్ణయించారు. 1987 ఏప్రిల్ 19న ఆఖరి అడవి కాండర్ వలలో పడింది. ఆ రోజు నుంచి ఆకాశంలో ఆ జాతి లేదు. అప్పటికి ఉన్న 27 పక్షులూ ఈ పార్కులో, లాస్ ఏంజెలెస్ జూలో.

కాండర్ రెండేళ్లకు ఒక గుడ్డు పెడుతుంది. పిల్ల ఎదిగి జత కట్టడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఈ లెక్కన జాతి కోలుకోవాలంటే మన జీవితాలు చాలవు. అయితే గూటిలోని గుడ్డు పోతే జంట మరో గుడ్డు పెడుతుంది. ఈ సంగతిని పట్టుకుని మొదటి గుడ్డును తీసి పొదుగు యంత్రంలో ఉంచారు. పుట్టిన పిల్ల మనిషిని చూసి తల్లి అనుకోకూడదు కాబట్టి కాండర్ తలలాంటి బొమ్మను చేతికి తొడుక్కుని, తెర వెనక నుంచి తినిపించారు. మన తోలుబొమ్మలాటలో ప్రేక్షకులకు కథ చెబుతారు. ఇక్కడ ప్రేక్షకుడు ఒక్కటే, ఆ ఒక్కదానికీ వెనకున్న మనిషి తెలియకూడదు.

బొమ్మ మాత్రం అన్నీ నేర్పలేకపోయింది. 1992లో అడవిలోకి వదలడం మొదలుపెట్టాక కుర్ర కాండర్లు కరెంటు స్తంభాల మీద వాలి చచ్చిపోయాయి, మనుషుల దగ్గరికి పోయి సామాన్లు పీకాయి. అప్పుడు పంజరంలోనే నకిలీ స్తంభం పాతి, వాలితే చిన్న షాక్ తగిలేలా చేశారు. కుర్రవాటిని పెద్ద పక్షుల మధ్య ఉంచి పెంచారు. పెద్దల కాపలాలో పెరిగినవి మనుషులకు దూరంగా ఉండటం నేర్చుకున్నాయి. జంతు పార్కుల ప్రచార పుస్తకాల్లో ఈ వైఫల్యాల భాగం చిన్నగా ఉంటుంది. నాకు మాత్రం ఈ కథ మొత్తంలో అదే అసలు భాగం. జాతిని పెంచడం ఒక పని, బతకడం నేర్పడం ఇంకో పని. రెండోదానికి ఏ యంత్రమూ లేదు.

అలా ఆఖరున పట్టుబడ్డ కాండర్ పేరు ఏసీ-9. దాన్ని 2002లో మళ్లీ అడవిలోకి వదిలారు. పదిహేనేళ్లు పంజరంలో గడిపినా అది తన పాత ఆకాశంలోకే వెళ్లిపోయింది. ఇప్పుడు మొత్తం సంఖ్య 500 దాటింది. 300 పైచిలుకు బయటే ఎగురుతున్నాయి.

మనవడు కాసేపు చూసి, "తాతా, ఇది ఎగరదా?" అన్నాడు. ఎగిరేవి చూడాలంటే అరిజోనా వెళ్లాలని అల్లుడు నోరు జారాడు. ప్రయాణం అక్కడే ఖాయమైంది.

మూడో రోజు: సీవరల్డ్

సముద్ర జంతువుల ప్రదర్శనలతో నడిచే ఈ పార్కుకు అల్లుడు రానన్నాడు. "ఆ టికెట్టు డబ్బు ఇవ్వడం నాకు ఇష్టం లేదు, మీరు వెళ్లిరండి" అని కారులో దింపి వెళ్లిపోయాడు. ఈ తరానికి ఓర్కాల (కిల్లర్ వేల్స్) విషయంలో గట్టి అభిప్రాయం ఉంది. 2010లో ఫ్లోరిడా సీవరల్డ్‌లో శిక్షకురాలిని ఓర్కా చంపిన తర్వాత, దాని మీద డాక్యుమెంటరీ వచ్చిన తర్వాత, జనం రావడం తగ్గింది. 2016లో సీవరల్డ్ ఓర్కాలను ఇక పుట్టించబోమని ప్రకటించింది. అదే ఏడాది కాలిఫోర్నియా దాన్ని చట్టం చేసింది. ఇప్పుడున్నవే ఆఖరి తరం.

ప్రదర్శన పేరు మారింది, సంగీతం తగ్గింది, వ్యాఖ్యానం పెరిగింది. అంతా బాగానే చెప్పారు. కానీ ఆ నీళ్లలో ఉన్న కార్కీని 1969లో బ్రిటిష్ కొలంబియా తీరంలో పట్టుకున్నారన్న సంగతి తెలిసినవాడికి చప్పట్లు కొట్టడం కష్టం. నేను డిగ్రీ పరీక్షలు రాయకముందు నుంచి అది తొట్టిలో తిరుగుతోంది.

మరి ఈ కంపెనీ చేసింది ఏమీ లేదా అంటే ఉంది. 1997 జనవరిలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన గ్రే తిమింగలం పిల్ల ఒకటి ఇక్కడికి చేరింది. జేజే అని పిలిచారు. ఏడాదికి పైగా పెంచి 1998 మార్చి ఆఖరున సముద్రంలో వదిలారు. వెళ్లేనాటికి దాని బరువు ఎనిమిది టన్నుల పైమాటే. మనుషుల దగ్గర పెరిగిన జంతువుల్లో అంత పెద్దది మరొకటి లేదు. 2015లో సముద్రం వేడెక్కి చేపలు దూరమైనప్పుడు వేల సీ లయన్ పిల్లలు ఆకలితో తీరానికి కొట్టుకొచ్చాయి. అప్పుడు ఈ పార్కు తన సీ లయన్ ప్రదర్శనను కొన్నాళ్లు ఆపేసి ఆ సిబ్బందిని పిల్లల్ని కాపాడే పనిలో పెట్టింది. పెద్ద తొట్లు, రాత్రికి రాత్రి వచ్చే పశువైద్యులు, టన్నుల కొద్దీ చేపలు ఒక్కరోజులో సమకూరేవి కావు. అవి ఇక్కడ సిద్ధంగా ఉండటానికి కారణం రోజూ గేటు దగ్గర తెగే టికెట్లే.

అల్లుడికీ కంపెనీకీ మధ్య తీర్పు చెప్పమంటే నేను అల్లుడి వైపే. జబ్బుపడ్డ సీ లయన్‌ను బాగుచేసి వదలడానికి ఓర్కాను తొట్టిలో ఉంచనక్కర్లేదు. అయితే ఓర్కా ఉండబట్టే నిలబడ్డ వ్యాపారం, అది లేని రోజున సీ లయన్ల ఖర్చు ఎక్కడి నుంచి తెస్తుందో చూడాలి. వాటాదారులకు లాభం చూపించాల్సిన సంస్థకు ఆ ఖర్చు మొదట కోతపడే పద్దు కావచ్చు. ఇక్కడే మొదటి రోజు చూసిన జూకీ దీనికీ తేడా. ఒక మాట మాత్రం నిజం, మనవడు ఆ రోజంతా ఓర్కాల గురించి కాక, గాజు అవతల రబ్బరు గొట్టంతో పాలు తాగుతున్న పిల్ల సీ లయన్ గురించే మాట్లాడాడు.

నాలుగో రోజు: దారి

యూమా, గిలా బెండ్, ఫీనిక్స్ మీదుగా ఫ్లాగ్‌స్టాఫ్. ఎడారి, నిలువెత్తు కాక్టస్‌లు, మళ్లీ ఎడారి. మధ్యలో పులిహోర. చెప్పుకోదగింది ఇంకేమీ లేదు. సాయంత్రానికి పైన్ చెట్లు మొదలయ్యాయి, చలి మొదలైంది, మా ఆవిడ శాలువా మొదలైంది.

ఐదో రోజు: నవాజో వంతెన

ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి ఉత్తరానికి రెండు గంటలు. ఎర్రటి వర్మిలియన్ కొండలు ఎడమ వైపు గోడలా నిలబడి ఉంటాయి. 1996 డిసెంబరులో అరిజోనాలో మొదటి ఆరు కాండర్లను వదిలింది ఆ కొండల మీదే. కొలరాడో నది ఆ కొండల ముందు లోతైన కోత కోసుకుని పారుతుంది. దాని మీద రెండు ఉక్కు వంతెనలు, పక్కపక్కనే. 1929 నాటి పాతదాని మీద ఇప్పుడు నడవడానికి మాత్రమే అనుమతి. తూర్పు ఒడ్డు నవాజో ఆదివాసులది. అక్కడ వాళ్ల ఆడవాళ్లు వెండి నగలు, నీలిరాళ్ల దండలు పరిచి అమ్ముతున్నారు. మా ఆవిడ అక్కడే ఆగిపోయింది. బేరం అనే కళకు భాషతో పనిలేదని అర్థమైంది.

వంతెన మధ్యకు వెళ్లి కిందికి చూస్తే నూట నలభై మీటర్ల లోతున పచ్చని నది. కాండర్లు పైన ఆకాశంలో ఉంటాయని తలలెత్తి వెతుకుతున్నాం. మనవడే చూశాడు. మా కాళ్ల కిందే, వంతెన ఉక్కు దూలాల మీద రెండు కూర్చుని ఉన్నాయి. రెక్కల మీద నంబరు చీటీలు. ఎండ కాస్త ముదిరి గాలి వేడెక్కగానే ఒకటి దూలం వదిలి కిందికి జారింది, రెక్కలు విప్పింది, ఒక్కసారి కూడా ఆడించకుండా మా ఎత్తుకు లేచి వచ్చింది. ఈకల మధ్య గాలి కోసుకుపోతున్న చప్పుడు వినపడింది. రెక్కల అడుగున తెల్లటి త్రికోణాలు. మా ఆవిడ దండలు వదిలేసి వచ్చింది. ఈసారి ఏమీ అనలేదు.

నంబరు పట్టుకుని ఫోనులో వెతికితే దాని పుట్టుపూర్వోత్తరాలు దొరుకుతాయి. మేము చూసినది ఐడహో రాష్ట్రంలోని బోయిసీ పెంపక కేంద్రంలో పుట్టింది. మనవడు నీరుగారిపోయాడు. శాన్ డియేగోలో పుట్టిందై ఉంటే బాగుండేదట. పుట్టింది ఎక్కడైనా, వాటి ముత్తాతలు ఆ 27లోవే అని చెప్పాను. అంత సంతృప్తి పడలేదు.

ఇప్పుడు అసలు ఇబ్బంది. ఈ పక్షులను చంపుతున్నది ప్రధానంగా సీసం. వేటగాడు జింకను కాల్చి, మాంసం తీసుకుని, పేగులు అడవిలో వదిలేస్తాడు. సీసపు తూటా ఒంట్లో దిగగానే కంటికి కనపడని ముక్కలై చెదురుతుంది. కాండర్ వచ్చి ఆ పేగులు తింటుంది. ఏటా ఈ పక్షులను పట్టుకుని, రక్తం పరీక్ష చేసి, సీసం ఎక్కువైన వాటికి మందు ఇచ్చి మళ్లీ వదులుతారు. దాన్ని అడవి బతుకు అనాలా ఆసుపత్రి బతుకు అనాలా నాకు తెలియడం లేదు. చాలదన్నట్టు 2023లో బర్డ్ ఫ్లూ వచ్చి ఈ గుంపులోనే 21 చనిపోయాయి. అప్పటికప్పుడు టీకా అనుమతించి వేయాల్సి వచ్చింది.

ఈ కథ మనకు తెలియనిది కాదు. నా చిన్నప్పుడు ఊరి చివర పశువు చచ్చిందంటే మధ్యాహ్నానికి రాబందులు దిగేవి. తొంభైలలో అవి మాయమైపోయాయి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ వాటి మూత్రపిండాలను పాడు చేసిందని 2004లో తేలింది. 2006లో పశువుల వాడకానికి దాన్ని నిషేధించారు. హైదరాబాద్ జూలో కూడా రాబందుల పెంపక కేంద్రం ఉంది. అటు బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట మీద, అడవి రాబందులు గూళ్లు కట్టుకున్నాయి. రెండు దేశాలు, రెండు విషాలు, తిండి మాత్రం ఒకటే: ఇంకెవరో చంపిన లేదా వైద్యం చేసిన పశువు. జూ ఎంత గొప్పగా పెంచినా ఆ శవంలో ఏముందో జూ చేతిలో లేదు.

కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. అరిజోనాలో నిషేధం లేదు. 2005 నుంచి కాండర్లు తిరిగే ప్రాంతంలో వేటాడేవాళ్లకు రాష్ట్ర వన్యప్రాణి శాఖ రాగి తూటాలు ఉచితంగా ఇస్తోంది, పేగులు వెనక్కి తెమ్మని బతిమాలుతోంది. చాలామంది వింటున్నారు.

తిరుగు దారిలో నాకు ఆ రాగి తూటా చూడాలనిపించింది. ఫ్లాగ్‌స్టాఫ్‌లో వేట సామాన్ల దుకాణం ముందు కారు ఆపమంటే అల్లుడు నా వైపు చూసిన చూపు జన్మలో మరవను. అమ్మాయి పిల్లవాణ్ణి తీసుకుని కారులోనే కూర్చుంది. లోపల గోడ నిండా తుపాకులు, మధ్యలో ఉన్ని టోపీ పెట్టుకున్న నేను. కౌంటరు దగ్గర గడ్డం మనిషి ఏ జింక కోసం అని అడిగాడు. శాకాహారినని, చూడటానికి మాత్రమే అని అల్లుడు తర్జుమా చేశాడు. ఆయన నవ్వకుండా రెండు పెట్టెలు తీసి, సీసందొకటి రాగిదొకటి నా అరచేతిలో పెట్టాడు. రాగిది కాస్త పొడవు, బాగా తేలిక. ఖరీదు ఎక్కువన్నాడు. దేన్ని ఎక్కువ కొంటున్నారని అడిగాను. ఇంకా సీసందే అన్నాడు. మరి మీరు?

తాను మార్చి చాలా ఏళ్లయిందన్నాడు. కాండర్ల కోసమా అని అడిగాను, ఆశగా. కాదట. ఇంట్లో పిల్లలు ఏడాది పొడుగునా ఆ జింక మాంసమే తింటారట.